రంగులు తేలిన రూపాయికి నాలుగింతలు పెట్టాలా?

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో ఒకాయన దగ్గర 1918 నాటి, జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి చూశాను. అంచు చుట్టూ నీలం, గులాబీ, పసుపు రంగులు. మామూలు రూపాయికి నాలుగింతలు చెబుతున్నారు. కొనమంటారా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తొందరపడకండి. ఆ రంగు గాలిలోని గంధకం వల్ల వెండి మీద పట్టిన సన్నని పొర, అది మందమయ్యేకొద్దీ పసుపు, ఎరుపు, నీలంగా మారి చివరికి నల్లబడుతుంది. అమెరికా ఖజానాలో గుడ్డసంచుల్లో దశాబ్దాల పాటు ఉండిపోయిన మోర్గాన్ డాలర్లనే పాత వెండి నాణేలకూ ఇలాగే రంగులొచ్చాయి, బాగున్నవాటికి పెద్ద ధరే పలుకుతుంది. కానీ గంధకం, వేడి తగిలించి ఇలాంటి రంగును ఇట్టే తెప్పించేవాళ్లున్నారు, భయమంతా అక్కడే. నాణేన్ని దీపం కింద మెల్లగా వంచి చూడండి: రంగు అడుగున టంకశాల మెరుపు (కొత్తగా ముద్రించినప్పటి మెరుపు) తిరుగుతూ కనిపించాలి, ఒక రంగు ఇంకోదాంట్లోకి నెమ్మదిగా కలిసిపోవాలి. అరిగిన రాజుగారి బుగ్గ మీదా, వాడకంలో పడ్డ గీతల లోపలా కూడా నిగనిగలాడే నీలం ఉంటే నాకైతే అనుమానమే. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు పరీక్షించి సీల్ చేసింది కాకపోతే అంత డబ్బు పెట్టొద్దు, నచ్చితే మామూలు రేటుకే అడగండి. కొన్నాక చింతపండుతో మాత్రం తోమకండి, రంగుతో పాటు విలువా పోతుంది.