విద్యుత్ వాహనాల బ్యాటరీలపై విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన వాహనం దాకా చేరుతోందా?

‘మంటలంటుకోని బ్యాటరీ’, ‘20 ఏళ్లు మన్నే బ్యాటరీ’ అంటూ విశ్వవిద్యాలయాల నుంచి తరచూ వార్తలు వస్తున్నా, అవేవీ వాహనాల్లో ఎందుకు కనిపించడం లేదని, లోపల ద్రవానికి బదులు ఘనపదార్థం వాడే బ్యాటరీల సంగతేమిటని మీరు అడిగారు. బ్యాటరీలో విడివిడి భాగాలుగా ఉండే లిథియం అయాన్ సెల్లులు ఎలా క్షీణిస్తాయనే అంశంపై ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ పరిశోధన ఫలం వాహనాల్లోకి వస్తూనే ఉంది. అయితే అది పతాక శీర్షికలకెక్కే కొత్త పదార్థాల రూపంలో కన్నా, సెల్లు ఎక్కడ, ఎందుకు పాడవుతోందో కచ్చితంగా కొలిచి చెప్పే పని రూపంలో ఎక్కువగా వస్తోంది.

ముందు వార్తల సంగతి చూద్దాం. కొత్త పదార్థాన్ని మేము మొదట నాణెం ఆకారంలో ఉండే కాయిన్ సెల్లులో పరీక్షించేవాళ్లం. గాలి, తేమ తగలకుండా ఆర్గాన్ వాయువు నింపిన గ్లోవ్ బాక్సులో కూర్చే ఆ చిన్న సెల్లులో ఒకవైపు పరీక్షించదలచిన పదార్థం, రెండోవైపు లిథియం లోహపు రేకు ఉంటాయి. రేకులో లిథియం అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది కనుక, ఛార్జ్ చేసిన ప్రతిసారీ కొంత వృథా అవుతున్నా ఆ నష్టం బయటపడదు. రెండు వైపుల మధ్య లిథియం అయాన్లను మోసే ద్రవాన్ని, అంటే ఎలక్ట్రోలైట్‌ను, కూడా ధారాళంగానే పోస్తారు. వాహనంలో వాడే సెల్లుకు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. క్యాథోడ్‌లో (ధన ఎలక్ట్రోడ్‌లో) ఉన్న లిథియంతోనే అది జీవితకాలమంతా గడుపుకోవాలి. అందువల్ల కాయిన్ సెల్లులో సాధించిన వేల ఛార్జింగుల ఫలితం కన్నా, గ్రాఫైట్ యానోడ్‌తో (రుణ ఎలక్ట్రోడ్‌తో), పరిమితమైన ఎలక్ట్రోలైట్‌తో తయారైన, సంచిలాంటి పౌచ్ సెల్లులో చూపిన కొన్ని వందల ఛార్జింగుల ఫలితానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మన్నికను నిర్ణయించేవాటిలో ముఖ్యమైనది గ్రాఫైట్ ఉపరితలంపై ఏర్పడే అతి సన్నని పొర. తొలి ఛార్జింగులోనే ఎలక్ట్రోలైట్ కొంత విచ్ఛిన్నమై ఈ పొర ఏర్పడుతుంది. మిగిలిన ఎలక్ట్రోలైట్‌ను అది కాపాడుతుంది, కానీ కాలం గడిచేకొద్దీ మందమవుతూ లిథియంను కొద్దికొద్దిగా మింగేస్తుంది. ఈ నష్టం ఎంత సూక్ష్మమైనదో ఒక లెక్కతో తెలుస్తుంది. ప్రతి ఛార్జింగులో లిథియం 99.9 శాతం మాత్రమే తిరిగి పనికి వస్తే, 1000 ఛార్జింగుల తర్వాత మిగిలేది సుమారు 37 శాతం, అదే 99.99 శాతమైతే సుమారు 90 శాతం మిగులుతుంది. ఇంత చిన్న తేడా మామూలు పరీక్షా పరికరాలకు అందదు. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం దీనిని పట్టుకోగల పరికరాలను నిర్మించి, ఎలక్ట్రోలైట్‌లో కలిపే ఏ రసాయనం సెల్లు ఆయుష్షును పెంచుతుందో ఏళ్ల తరబడి వేచి చూడకుండానే అంచనా వేసే మార్గం చూపింది. చిన్న స్ఫటికాలు ముద్దకట్టిన కణాలకు బదులు, పగుళ్లివ్వని ఏకస్ఫటిక కణాలతో చేసిన క్యాథోడ్ గల సెల్లులు 16 లక్షల కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోగలవని 2019లో వారు ప్రకటించిన ఫలితాల వెనుక ఉన్నది ఇలాంటి ఓపికైన కొలతలే.

అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో ఫలితం నాకు ఇంకా ఇష్టం. కొన్ని సెల్లులు ఊరికే ఉంచినా ఛార్జ్ కోల్పోతున్నాయి. కారణం వెతికితే, లోపలి ఎలక్ట్రోడ్లు విడిపోకుండా అంటించే చిన్న టేపు ముక్క దొరికింది. నీళ్ల సీసాలకు వాడే పెట్ ప్లాస్టిక్‌తో చేసిన ఆ టేపు ఎలక్ట్రోలైట్‌లో విచ్ఛిన్నమై, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆవేశాన్ని మోసుకుపోయే అణువులను పుట్టిస్తోంది. టేపును వేరే ప్లాస్టిక్‌కు మారిస్తే సరిపోతుంది. ఇలాంటి ఫలితం శీర్షికల్లో అంతగా మెరవదు, కానీ కర్మాగారంలోకి వెళ్లడానికి పదేళ్లు పట్టదు.

భద్రతను చాలామంది వేరే విషయంగా చూస్తారు. ప్రయోగశాలలో చూస్తే మన్నిక, భద్రత రెండింటి వెనుక ఉన్న రసాయనమూ ఒకటే. ఆయుష్షును నిర్ణయించే ఆ పొరే సుమారు 80 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య విచ్ఛిన్నం కావడం మొదలై వేడిని విడుదల చేస్తుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర రెండు ఎలక్ట్రోడ్లు తగులుకోకుండా మధ్యలో ఉంచే పాలీఇథిలీన్ పొర (సెపరేటర్) కరుగుతుంది. ఇంకా పైకి వెళితే నికెల్ ఎక్కువగా ఉన్న క్యాథోడ్లు ఆక్సిజన్‌ను వదులుతాయి, అక్కడి నుంచి వేడి తనను తానే పెంచుకుంటూ పోతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం 1997లో ప్రచురించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో బలంగా బంధించబడి ఉండటం వల్ల ఈ చివరి మెట్టు చాలా వరకు తప్పుతుంది. అలాగని అది మండదనడం సరికాదు, ఎందుకంటే అందులోని ఎలక్ట్రోలైట్ కూడా మండే ద్రవమే.

సెల్లును మెట్టుమెట్టుగా వేడిచేసి, ప్రతి మెట్టు దగ్గర ఆగి, అది స్వయంగా వేడెక్కుతోందా అని గమనించే కెలోరీమీటరుతో నేను ఎక్కువ కాలం పనిచేశాను. ఆ పనిలో మనసులో నిలిచిపోయిన విషయం ఏమిటంటే, సామర్థ్యం సమానంగా తగ్గిన రెండు సెల్లులు సమానంగా సురక్షితం కావు. చలిలో వేగంగా ఛార్జ్ చేయడం వల్ల క్షీణించిన సెల్లులో గ్రాఫైట్‌పై లిథియం లోహం పేరుకుని ఉంటుంది. అది కొత్త సెల్లు కన్నా చాలా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే స్వయంగా వేడెక్కడం మొదలుపెడుతుంది. వెచ్చని చోట నిల్వ ఉండి అంతే సామర్థ్యం కోల్పోయిన సెల్లు సాధారణంగా అలా ప్రవర్తించదు. కాబట్టి ‘బ్యాటరీ ఆరోగ్యం 80 శాతం’ అనే అంకె మన్నిక గురించి కొంత చెబుతుందే కానీ భద్రత గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఆ సామర్థ్యం ఏ దారిలో పోయిందో వాహనం నడుస్తుండగానే గుర్తించడం ఎలాగన్నదే, నా దృష్టిలో, విశ్వవిద్యాలయాలు ఇప్పుడు పట్టుకోవలసిన ప్రశ్న.

పరీక్షల తీరు కూడా మారుతోంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 92 సెల్లులను రెండేళ్లకు పైగా పరీక్షించి 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నిజమైన ప్రయాణంలోలాగా హెచ్చుతగ్గులతో వాడిన సెల్లులు, ప్రయోగశాలల్లో అలవాటైన స్థిర విద్యుత్ ప్రవాహంతో వాడినవాటి కన్నా 38 శాతం దాకా ఎక్కువ కాలం మన్నాయి.

ఇక మీరు ప్రత్యేకంగా ప్రస్తావించిన ఘన ఎలక్ట్రోలైట్ బ్యాటరీల విషయం. మండే ద్రవం లేకపోవడం మేలే, కానీ సల్ఫైడ్ రకం ఘన ఎలక్ట్రోలైట్లు తేమ తగిలితే విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి, యానోడ్‌గా లిథియం లోహం వాడితే అది సుమారు 180 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కనుక అవి సురక్షితమని చెప్పే వార్త చదివినప్పుడు నేను వెతికేది ఒక్కటే: పూర్తిగా ఛార్జ్ చేసిన, వాహనానికి సరిపడే పరిమాణం గల సెల్లును కెలోరీమీటరులో పెట్టి చూశారా, లేక ఎలక్ట్రోలైట్ ముక్కను మాత్రమే మంట దగ్గర పట్టి చూపించారా అన్నది.