డిగ్రీ ఆపేసి మఠంలో చేరతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ రెండో సంవత్సరం. ఈస్టర్‌కి ఇంటికొచ్చి, చదువు ఆపేసి కార్మెల్ అనే క్యాథలిక్ కన్యస్త్రీల మఠంలో చేరతానంది. అందులో చేరితే ఇక బయటికి రారట. బడిలో పాఠాలు చెప్పే సిస్టర్ అవుతానంటే సరే అనేవాళ్లం. సంక్రాంతి నుంచి ఫ్రెండ్స్‌తో మాటల్లేవు. బ్యాక్‌లాగ్ సంగతి అడిగితే తలుపేసుకుంటోంది. ఏం చేయాలి? - ఒక తల్లి, నకిరేకల్

జవాబు: అమ్మా, మఠం సంగతి తర్వాత, ముందు ఆ తలుపు సంగతి చూద్దాం. నిద్ర, తిండి సరిగ్గా ఉన్నాయా? లేకపోతే ముందు డాక్టర్‌కి చూపించండి. దానివల్ల దైవపిలుపేమీ పోదు.

మనుషులు వద్దనుకునేవాళ్లకి కార్మెల్ అసలు పనికిరాదు. 1562లో స్పెయిన్‌లో ఆవిలా తెరెసమ్మ అనే కార్మెల్ కన్యస్త్రీ తన మొదటి మఠం పెట్టినప్పుడు 13 మంది చాలనుకున్నారు. అంటే బతికినన్నాళ్లూ అవే ముఖాలు, అదే భోజనాల బల్ల. ఒకామె దగ్గు, ఇంకొకామె చాదస్తం అన్నీ భరించాలి. రోజూ కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి కూడా తెరెసమ్మ టైం పెట్టారు. హాస్టల్లో రూమ్‌మేట్‌తో పడనివాళ్లకి అక్కడ వారం గడవదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే సన్యాసి మఠాల కోసం రాసిన నియమావళి ఇంకా కచ్చితం. ఒంటరిగా ఉండే సన్యాసం కొత్త ఉత్సాహంలో ఉన్నవాళ్లకి కాదు, మఠంలో పదిమంది మధ్య చాలాకాలం నలిగినవాళ్లకే అంటారాయన. చేరతానని వచ్చినవాణ్ణి నాలుగైదు రోజులు తలుపు దగ్గరే నిలబెట్టమన్నారు కూడా. మన కాలేజీల్లో అడ్మిషన్లు ఇలా ఇస్తే సగం సీట్లు మిగిలిపోతాయి!

ఇక మీ భయం. ఇవాళ వెళ్తే రేపే తలుపులు మూసేయరు. 2018లో వాటికన్ ఇచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి మఠాల్లో నిత్య మాటపట్టుకి (జీవితాంతం ఉంటానని చేసే ప్రమాణానికి) ముందు కనీసం 9 ఏళ్ల శిక్షణ ఉండాలి. ఆ లోపు తిరిగి రావచ్చు, పంపించేయనూ వచ్చు. 9 ఏళ్లు ఆగాల్సిన దారిలో డిగ్రీ పూర్తిచేసే ఏడాదిన్నర ఏపాటిది?

పాపతో "వద్దు" అనకండి. పరీక్షలయ్యాక మీ విచారణ గురువు (మీ చర్చి ఫాదర్) గారితో మాట్లాడి, ఇద్దరూ కలిసి మఠానికి వెళ్లండి. కిటికీ జాలీ అవతల మఠం పెద్ద, మదర్, కూర్చుంటారు. మీరేమీ వాదించొద్దు. "మా పాపకి ఫిజిక్స్ బ్యాక్‌లాగ్ ఉంది, అట్లనే తీసుకుంటారా?" అని మాత్రం అడగండి. జవాబు పాపనే విననివ్వండి.