బొమ్మ తీసేముందు భోజనం సంగతి అడుగు

గుంటూరు

చిరంజీవి అమ్మలూకి,

హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె ఏ ఇంధనం మీద నడుస్తోందో పెట్ స్కాన్‌తో చూసే పనిలో బెజవాడలో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇన్నేళ్లుగా ఈ స్కాన్లు చదివినవాణ్ణి కాబట్టి కొన్ని మాటలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, రోగి ఏం తిన్నాడో కనుక్కో. పరగడుపున గుండె ఎక్కువగా కొవ్వు ఆమ్లాల మీద నడుస్తుంది. అన్నం తిన్నాక ఇన్సులిన్ పెరిగి గ్లూకోజ్ వైపు మళ్లుతుంది. అదే మనిషి, అదే గుండె, బొమ్మ మాత్రం వేరు. "ఏమైనా తిన్నారా?" అంటే మనవాళ్లు లేదనే అంటారు. కాఫీ తాగారా, చక్కెర వేశారా, మాత్రతో పాటు అరటిపండు తిన్నారా అని విడివిడిగా అడుగు. షుగర్ ఉందా, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్, గుండె జబ్బు మందు వాడుతున్నారా అన్నదీ రాసుకో. ఆ మందు రక్తంలో కీటోన్లను (కొవ్వు నుంచి తయారయ్యే ఇంధనం) పెంచుతుంది, గుండె వాటినీ వాడుకుంటుంది. అందరికీ ఒకే తిండి నియమం పెట్టకపోతే ఒకరి బొమ్మను ఇంకొకరిదానితో పోల్చడం వృథా.

స్కాన్‌కి ముందు ఎక్కించే ఎఫ్‌డీజీ, అంటే గ్లూకోజ్ లాంటి రేడియోధార్మిక పదార్థం, కణంలోకి వెళ్లి, ఫాస్ఫేట్ తగిలించుకుని అక్కడే ఇరుక్కుపోతుంది. బియ్యం బస్తా వంటింట్లోకి చేరిందని తెలుస్తుంది గానీ అన్నం వండారో లేదో తెలియదు. గ్లూకోజ్ ఆక్సిజన్‌తో పూర్తిగా దహనమైందా, సగం విరిగి లాక్టేట్ దగ్గరే ఆగిందా అన్నది ఆ బొమ్మ చెప్పదు. దహనం చూడాలంటే కార్బన్-11 అసిటేట్ లాంటి మరో రేడియోధార్మిక పదార్థం కావాలి. దాని అర్ధాయువు, అంటే సగానికి తరిగిపోయే సమయం, 20 నిమిషాలే కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కనే ఉండాలి. ఎఫ్‌డీజీది 110 నిమిషాలు, బయటి నుంచి తెప్పించుకోవచ్చు. నీ దగ్గర అదొక్కటే ఉంటే 'గ్లూకోజ్ తీసుకోవడం' అని మాత్రమే రాయి. 'శక్తి వినియోగం' అని రాయొద్దు. ఇందులో మాత్రం ఎవరు ఒత్తిడి చేసినా తగ్గొద్దు.

శక్తి నిల్వ ఎంతుందో తెలియాలంటే ఎమ్మారై యంత్రంతో చేసే ఫాస్ఫరస్ ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్ష ఉంది. అది ఫాస్ఫోక్రియాటిన్‌కీ (కణంలో శక్తి నిల్వ) ఏటీపీకీ (కణం నేరుగా ఖర్చుపెట్టే శక్తి) మధ్య నిష్పత్తి ఇస్తుంది. గుండె సాగి బలహీనపడే డైలేటెడ్ కార్డియోమయోపతీ జబ్బులో ఆ నిష్పత్తి 1.6 కన్నా తక్కువ ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువని న్యూబౌవర్ బృందం 1997లో చూపింది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి లోకానికి తెలియజేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆ పరీక్ష గ్రాఫ్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎమ్మారై విభాగం వాళ్లతో స్నేహంగా ఉండు.

ఇక రోగి సంగతి. వీళ్లలో చాలామంది వెల్లకిలా పడుకుంటే ఆయాసపడతారు. ముందురోజే ఒకసారి పడుకోబెట్టి చూడు. పొద్దున్నే ఫ్రుసెమైడ్ (ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి ఇచ్చే మాత్ర) వేసుకుని వస్తే స్కాన్ మధ్యలో బాత్రూంకి లేవాల్సి వస్తుంది, ఆ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాళ్ల కార్డియాలజిస్టునే అడుగు. అసలే ఆ మందు పొటాషియం తగ్గిస్తుంది. గ్లూకోజ్ తాగించి ఇన్సులిన్ ఇచ్చే పద్ధతిలో అది ఇంకా పడిపోతుంది. ముందే పరీక్ష చేయించు. అయ్యాక షుగర్ మళ్లీ చూసి, ఏదైనా తినిపించి, తోడు మనిషి వచ్చాకే ఇంటికి పంపు.

మీ మావయ్య