బాబుకు, కుక్కపిల్లకు వీరుల పేర్లు: పర్లాకిమిడి సోదరికి సమాధానం

బారసాల దగ్గరపడింది, మామగారు సైన్యంలో పనిచేశారు కనుక బాబుకు యుద్ధవీరుడి పేరు కావాలి, కుక్కపిల్లను పాపారాయుడు అని పిలవాలని మీవారి కోరిక అని రాశారు.

ముందు కుక్కపిల్ల సంగతి. దయచేసి ఆ పేరు వద్దండి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలాక విజయనగరం రాజు విజయరామరాజును వెతికి చంపిన తాండ్ర పాపారాయుడిని మన వైపు ఇప్పటికీ భక్తితో తలుచుకుంటారు. వీధిలో ఆ పేరుతో కుక్కను అదిలిస్తే పెద్దవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. చేతక్ అనండి. 1576 హల్దీఘాటీ పోరులో రాణా ప్రతాప్‌ను మోసిన గుర్రం పేరది. చిన్న పేరు, కుక్క త్వరగా గుర్తుపడుతుంది.

బాబుకు నా ఓటు అరుణ్‌కే. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ 1971 డిసెంబర్ 16న పాకిస్తాన్‌తో జరిగిన బసంతర్ యుద్ధంలో, మంటలంటుకున్న ట్యాంకును వదలకుండా పోరాడి ప్రాణమిచ్చాడు. అప్పటికి వయసు 21 ఏళ్లు. మరణానంతరం పరమవీరచక్ర ఇచ్చారు. మామగారికి ఈ కథ తెలిసే ఉంటుంది, మనవడికి ఆయనే చెప్పాలి.

మీరు అనుకుంటున్న విక్రాంత్ కూడా మంచి పేరే. 1971లో బంగాళాఖాతంలో పోరాడిన నౌక అది. కాకపోతే ఒడియా ఇరుగుపొరుగు బిక్రాంత్ అంటారు. జనన ధ్రువపత్రంలో, తర్వాత బడిలో, ఆధార్‌లో ఒకే స్పెల్లింగ్ ఉండేలా మొదటి రోజే సరిచూసుకోండి. అరుణ్‌కు ఆ ఇబ్బంది తక్కువ.