పాత రైసు మిల్లులో కాపురం పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నెల్లూరు ఊరి నడుమ పాత రైసు మిల్లును ఇళ్ళుగా మార్చి అమ్ముతున్నారనీ, అందులో ఒక భాగం నీకూ అల్లుడికీ నచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. ఫోటోలు చూశాను. ఎత్తైన కప్పు, మందమైన ఇటుక గోడలు, బజారూ రైల్వే స్టేషనూ దగ్గర. నచ్చడంలో ఆశ్చర్యమేమీ లేదు. స్టోన్‌హౌస్‌పేట లాంటి పాత వ్యాపారపు పేటల్లో బతకడంలో ఒక సుఖముంది. ఏ వస్తువు కావాలన్నా బండి తీయనక్కర్లేదు, ఏ వేళప్పుడైనా వీధిలో మనుషులుంటారు. కొనొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కొత్త రంగూ కొత్త టైల్సూ చూసి అడ్వాన్సు ఇవ్వొద్దని చెప్పడానికి రాస్తున్నాను.

ముందు ఆ మిల్లులో ఏ పని ఎక్కడ జరిగేదో తెలుసుకో. వడ్లు ఎక్కడ నానేసేవాళ్ళు, బాయిలర్ ఎక్కడుండేది, ఊక బూడిద ఎక్కడ పోసేవాళ్ళు, మోటార్లు ఎక్కడ తిరిగేవి, కళ్ళం మీద పడ్డ వాన నీళ్ళు ఎటు పోయేవి. రేపు ఆ ఇంట్లో వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైగా ఈ చోట్ల నుంచే వస్తాయి. అమ్మేవాళ్ళకు ఇవన్నీ తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు. అక్కడ బస్తాలు మోసిన ముఠా కూలీలకు, మిల్లు డ్రైవర్లకు, ఎదురుగా ఉన్న టీ అంగడాయనకు బాగా తెలుసు. వాళ్ళను అడిగి తెల్లకాగితం మీద ఒక పటం గీసుకో. మీరు కొనబోయే భాగం ఆ పటంలో ఎక్కడ పడుతుందో చూసుకుంటే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తేలిపోతుంది.

ఉప్పుడు బియ్యం ఆడిన మిల్లయితే నేలలో నానబెట్టే సిమెంటు తొట్లు ఉంటాయి. వడ్లను పైకెత్తే ఎలివేటర్ల కింద మనిషి లోతుకు మించిన గుంటలుంటాయి. చాలామంది వీటిని కూల్చిన ఇటుక ముక్కలతో నింపి, పైన గచ్చు పోసి టైల్స్ పరిచేస్తారు. ముక్కల మధ్య సందులుంటాయి, తొట్టి అడుగు సిమెంటు కాబట్టి దిగిన నీళ్ళు ఎటూ పోవు. రెండు వానాకాలాలకు నేల కుంగుతుంది, టైల్స్ లేస్తాయి. గునపం మొనతో నేలంతా అడుగడుక్కీ తట్టించు. గట్టి నేల ఒక రకంగా మోగుతుంది, డొల్ల నేల ఇంకో రకంగా మోగుతుంది, చెవికే తెలుస్తుంది. డొల్ల ఉన్నచోట గచ్చు తవ్వి, చెత్త తీసి, తొట్టి అడుగున అడుగున్నర దూరానికొక చిల్లు చొప్పున కొట్టించాలి. తర్వాత ఇసుకను అరడుగు పొరలుగా పోస్తూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒకేసారి నిండా పోసి పైన నీళ్ళు కొడితే అడుగుపొర గట్టిపడదు.

ఊక బూడిద ఇంకా మాయదారిది. బాయిలర్లో రోజూ వచ్చే బూడిదతో మిల్లువాళ్ళు పల్లపు జాగాలు మెరక చేసుకునేవాళ్ళు. చూడటానికి నల్లమట్టిలాగే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే బరువుండదు. దాని మీద కట్టిన గోడ మెట్లు మెట్లుగా చీలుతుంది. పెరట్లో ఒకటి, వీలైతే గది మూలలో ఒకటి, మూడడుగుల వెడల్పూ ఐదడుగుల లోతూ గుంటలు తీయించి చూడు. బూడిద తగిలితే దాన్ని దాటి అసలు నేల వచ్చేదాకా పునాది దిగిందా అని అడుగు. లోపలి అడ్డగోడలు మీరే కట్టుకోవాల్సి వస్తే అలాంటి చోట ఇటుక వద్దు, తేలికైన బోర్డు గోడలు పెట్టించుకోండి. నీళ్ళ ట్యాంకు సంగతీ ఇదే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే టన్ను బరువు. కప్పును మోసే పాత ఇనుప చట్రాలు, అంటే ట్రస్సుల మీదా, బాయిలర్ గది గోడ మీదా దాన్ని ఎక్కించొద్దు. ఏళ్ళ తరబడి కాలిన ఆ గోడ ఇటుకల్లో పస ఉండదు. ట్రస్సులు ఎక్కువగా గోడలోకి దిగే కొన దగ్గరే తుప్పు పడతాయి, రంగు వేస్తే అది కనిపించదు. నిచ్చెన వేసి ఆ కొనలను సుత్తితో తట్టించు, పెచ్చులు రాలితే లోపల ఇనుము తినేసినట్టే.

ఇక చెమ్మ. ఆ మందపాటి గోడలు చాలావరకు సున్నంతో కట్టినవి. అవి నేలలోని తేమను పీల్చుకుంటాయి, గాలికి వదిలేస్తాయి. వాటికి సిమెంటు పూత పూసి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కుతుంది, తెల్లటి ఉప్పు పొంగుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. దాన్ని దాచడానికి టైల్స్ అతికిస్తే టైల్స్ పైన మళ్ళీ మొదలవుతుంది. చేయాల్సిన పని నిదానంగా జరిగేది. చెమ్మ గీతకు అడుగు పై వరకు పూత మొత్తం కొట్టించు. ఇటుకల సందుల్లో సిమెంటు ఉంటే ముప్పావు అంగుళం లోతుకు గీకించు. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి పారేయాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ఫిబ్రవరిలో ఈ పని మొదలుపెట్టి మే దాకా గోడను అలాగే వదిలేస్తే మన ఎండలే దాన్ని ఆరబెడతాయి. తర్వాత బాగా నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్ళు కలిపి, అరంగుళం మించని పొరలుగా పూయించి, తడి గోతాలు కప్పి వారం పది రోజులు ఆరిపోకుండా చూడాలి. పైన సున్నమే వేయాలి. తాపీ మేస్త్రీలు సిమెంటు కలిపితే త్వరగా అవుతుందంటారు. ఒప్పుకోవద్దు, ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండు.

చెమ్మా వరదా చూడాలంటే ఎండాకాలంలో కుదరదు. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మే నెలలో ఏ ఇల్లయినా పొడిగానే ఉంటుంది. కుదిరితే కార్తీకంలో ఒక పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున వెళ్ళి చూడు. 2015 నవంబరు వానల్లో, 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు ఆ వీధిలో నీళ్ళు ఎంతవరకు నిలిచాయో ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడుగు. పాత మిల్లుల నేల ఒకప్పుడు రోడ్డు కంటే ఎత్తే. రోడ్డు మీద పొర మీద పొర వేస్తూ పోయాక ఇప్పుడు చాలాచోట్ల రోడ్డే ఎత్తు. మేస్త్రీ ట్యూబ్ లెవెల్‌తో రోడ్డు నడిబొడ్డుకూ మీ గడపకూ తేడా కొలిపించు. గడప అడుగున్నర ఎత్తులో ఉంటే నిశ్చింత, రోడ్డుతో సమానంగా ఉంటే ధర తగ్గించినా వద్దు. కళ్ళం వాలు ఎటుందో కూడా చూడు. ఆ వాలుకు అడ్డంగా కొత్త గోడ కట్టి ఉంటే వాన నీళ్ళన్నీ దాని మొదట్లోనే నిలుస్తాయి. వెయ్యి చదరపు అడుగుల మీద పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్ల పైమాటే. తుపాను రోజున అంత వాన మన దగ్గర వింతేమీ కాదు.

కప్పు సిమెంటు రేకులైతే అవి ఆస్‌బెస్టాస్ కలిసినవి కావచ్చు. కదిలించనంత వరకు ప్రమాదం తక్కువ. రంధ్రాలు వేయడం, రంపంతో కోయడం, సుత్తితో పగలగొట్టడం చేయనివ్వొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు ఇరవై ముప్ఫై ఏళ్ళకు బయటపడుతుంది. మార్చాల్సి వస్తే రేకును బాగా తడిపి, బోల్టులు విప్పి, నిలువునా దించాలి. కప్పు నడినెత్తిన వేడిగాలి పోవడానికి వదిలిన సందును ఏసీ కోసం మూయొద్దు. వల కొట్టి ఉంచితే చాలు, మేలో ఆ సందే ఇంటిని కాపాడుతుంది. ఏసీ కావాలంటే పడకగది ఒక్కదానికీ పదడుగుల ఎత్తున సీలింగు వేయించుకో. పన్నెండు బై పది గదికి ఆ ఎత్తున 1200 ఘనపుటడుగుల గాలి చల్లబరిస్తే సరిపోతుంది, పద్దెనిమిది అడుగుల కప్పు దాకా అయితే 2160 చల్లబరచాలి. మిగతా చోట్ల ఫ్యాన్ రెక్కలు నేలకు తొమ్మిది అడుగుల ఎత్తులో ఉండేలా పొడుగు రాడ్లు వేయించు. కప్పుకు దగ్గరగా బిగిస్తే అది పైనున్న వేడిగాలిని కిందికి తోస్తుంది.

కరెంటు విషయంలో రెండు జాగ్రత్తలు. మిల్లు మోటార్లకు వేసిన పాత త్రీ ఫేజ్ కేబుళ్ళు గోడల్లో, నేలలో వదిలేసి ఉంటారు. అవి రెండు చివర్లా తీసేశారని కళ్ళతో చూసేదాకా మేకు కొట్టనివ్వకు. త్రీ ఫేజ్ తీసుకుంటే న్యూట్రల్ వదులైనప్పుడు కొన్ని ఫేజుల్లో 230 వోల్టుల బదులు 400 దాకా పోయి ఫ్రిజ్జు, టీవీ కాలిపోతాయి. అందుకే న్యూట్రల్‌ను కొత్తగా వేయించి, ఎక్కువ వోల్టేజీకి దానంతటదే తెగే పరికరం ఒకటి, షాకు కొట్టకుండా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించు. మిల్లుకు ఎప్పుడో వేసిన ఎర్తు పనిచేస్తుందని నమ్మొద్దు. రెండున్నర మీటర్ల జీఐ పైపుతో కొత్త గుంట తీయించి, మీటరుతో కొలిపించు. ఐదు ఓమ్‌ల లోపు రావాలి. ఎండాకాలంలో ఆ గుంటలో నీళ్ళు పోయడం మరవొద్దు.

అమ్మాయ్, అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇప్పుడు. మీ గోడకు అవతల ఇంకా బియ్యం గోదాము నడుస్తుంటే, పురుగు పట్టకుండా వాళ్ళు బస్తాలకు టార్పాలిన్ కప్పి లోపల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెడతారు. గాలిలోని తేమ తగిలి వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. వారం రోజుల దాకా ఆ వాయువు లోపలే ఉండాలి, అప్పుడే పురుగు చస్తుంది. గోడలో పగుళ్ళున్నా, ట్రస్సు దగ్గర సందున్నా, రెండు భాగాలకూ కప్పు కింద ఖాళీ ఒకటే అయినా అది ఇంట్లోకి వస్తుంది. రాత్రి తలుపులు మూసుకుని పడుకున్న పిల్లలకు మరీ ముప్పు. ఉమ్మడి గోడ కప్పు దాకా ఇటుకతో మూసి ఉండాలి, ప్రతి సందూ పూడ్చి ఉండాలి. ఇది లేకపోతే ఇల్లు ఎంత బాగున్నా కొనొద్దు. గోదాము వాళ్ళతో మాట్లాడి, బిళ్ళలు పెట్టే ముందు రోజు చెప్పమని, తీసిన తర్వాత కూడా చెప్పమని కాగితం మీద రాయించుకో. ఆ రోజుల్లో ఆ గోడ పక్క గదిలో ఎవరూ పడుకోవద్దు. వెల్లుల్లి వాసన, కుళ్ళిన చేపల వాసన వచ్చి, తలనొప్పి, వాంతులు మొదలైతే వెంటనే అందరూ బయటికి వచ్చి ఆసుపత్రికి పోవాలి. వాసన రాలేదంటే వాయువు లేదని కాదు. మీ బియ్యం డబ్బాలో మాత్రం ఎవరిచ్చినా ఆ బిళ్ళ వేయొద్దు. ఇళ్ళల్లో వాడటానికి అది అమ్మకూడదు కూడా.

ఇరుగుపొరుగు గురించి. పగలు పెద్ద లారీలను రానివ్వని వీధుల్లో లోడింగు రాత్రి జరుగుతుంది. కొనేముందు రాత్రి పదింటికీ, తెల్లవారుజామున నాలుగింటికీ వెళ్ళి వినండి. వ్యాపారపు ప్రాంతంలో రాత్రి 55 డెసిబెల్స్, నివాస ప్రాంతంలో 45 అని నిబంధన ఉంది, కానీ బస్తాలు మోసే ముఠా కూలీలతో తగువు పెట్టుకుని బతకలేరు. ఆ వీధి ముందు వాళ్ళది. పడకగదిని వీధి వైపు కాకుండా వెనక పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. పందికొక్కులు రాకుండా మురుగు పైపుల చుట్టూ ఉన్న సందుల్లో గాజుముక్కలు కలిపిన కాంక్రీటు కూరించండి.

బోరు నీళ్ళు పరీక్ష చేయించు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, 2000 దాటితే తాగడానికి పనికిరావు.

కాగితాల్లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే రిజిస్ట్రార్ ఆఫీసు పత్రం, ముప్ఫై ఏళ్ళకు తీయించు. మిల్లులు బ్యాంకుల్లో తాకట్టు పెట్టడం మామూలు కాబట్టి అప్పు తీరిన కాగితం కూడా అడుగు. మిల్లు పాత సర్వీసు నంబరు మీద కరెంటు బకాయి ఉందేమో ఎస్పీడీసీఎల్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకో. పాత యజమాని బకాయిని నిబంధనల ప్రకారం కొత్త యజమాని నుంచి వసూలు చేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఇళ్ళు ఎనిమిది దాటినా రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు ఉండాలి. మిల్లుగా ఉన్న జాగాను నివాసానికి మార్చినట్టు కార్పొరేషన్ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా చూడు. ఇవి "వస్తున్నాయి" అంటే, వచ్చాకే అడ్వాన్సు ఇస్తామని చెప్పు.

పటం గీసుకున్నాక ఫోటో తీసి పంపు. గునపంతో తట్టించే రోజు ముందుగా చెబితే మేస్త్రీని వెంటబెట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న