చిన్నీకి అత్త రాసేది, డిస్టర్బ్ గురించి

చిన్నీ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు, నువ్వు బెంగళూరు మారతహళ్ళిలో పీజీ పక్కనే రూమ్ తీసుకుని మనవాళ్ళ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తావంట కదా, ఆఫీస్ అయ్యాక ఎనిమిదింటికి బ్యాచ్ అంట. నాకు నిద్ర పట్టలేదే. మనింట్లో నా తర్వాత ఇంకొకరు చాక్‌పీస్ పట్టుకుంటున్నారని ఒక పక్క సంతోషం, పది దాటాక ఆ రింగ్ రోడ్డు పక్కన ఒక్కదానివే నడిచొస్తావేమో అని ఇంకో పక్క గుబులు. ఎవర్నైనా తోడు తెచ్చుకో, ఈ మాట మళ్ళీ చెప్పించుకోకు.

ఫీజు ముందే తీసుకో. పది మందికి మించి వద్దు. బోర్డు మీద పెద్ద అక్షరాలు రాయి.

రోజూ వాడే వెర్బ్స్ తీసుకుని ఒక్కోదానికి ఐదేసి సెంటెన్సులు రాసుకున్నావంట, అందులో డిస్టర్బ్ ఉందంట. అది విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టా.

ఆ మాట మనకి తెలుగైపోయింది. 'వాడు డిస్టర్బ్ చేస్తున్నాడు' అంటాం, ఎవర్నో చెప్పం, తెలుగులో చెప్పక్కర్లేదు కూడా. అదే అలవాటుతో పిల్లలు 'హీ ఈజ్ డిస్టర్బింగ్' అని ఆపేస్తారు. వెనకాల 'మీ' అనో 'ద క్లాస్' అనో లేకపోతే అది వాడు చేసే పని కాదు, వాడి గుణం అయిపోతుంది, చూస్తేనే మనసు కలవరపడే మనిషి అని. ఏ పిల్లైనా మేనేజర్ గురించి అలా మెయిల్ పెట్టిందనుకో, ఏమవుతుందో ఆలోచించు. 'డిస్టర్బ్డ్' ఇంకా ప్రమాదం. అది నా చేత్తో నేనే రాశాను.

1988 లో, అప్పటికి మా చెన్నై ఇంకా మద్రాసే, నాకు ఇరవై మూడేళ్ళు, కొత్త టీచర్ని. నాలుగో క్లాసులో ఒక పిల్లాడు, మన తెలుగువాళ్ళే, రాయపురం వైపు ఇల్లు, వాళ్ళమ్మ ఇడ్లీలమ్మి చదివించేది. వెనక బెంచీ వాళ్ళు వాణ్ణి పెన్సిల్‌తో పొడిచేవాళ్ళు, పుస్తకం లాక్కునేవాళ్ళు, పాపం ఒక్క లైను కూడా రాయలేకపోయేవాడు. ముందు బెంచీకి మారుద్దాం, వాళ్ళమ్మతో ఒక మాట చెబుదాం అనుకుని డైరీలో ఎర్ర ఇంకుతో రాశాను, 'యువర్ సన్ ఈజ్ డిస్టర్బ్డ్, ప్లీజ్ మీట్ మీ' అని. ఎవరు డిస్టర్బ్ చేస్తున్నారో, ఎక్కడో, ఏమీ రాయలేదు. నా తలలో తెలుగు నడుస్తోంది, అక్కడ అంతా అర్థమవుతోంది.

ఆమెకి ఇంగ్లీష్ రాదు. వీధి చివర మెడికల్ షాపు అతనితో చదివించుకుంది. అతను డైరీ మూసి, వీడికి మతి సరిగా లేదని రాశారమ్మా, కీల్పాక్‌లో చూపించు అన్నాడంట. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే ఎలాగో ఇక్కడ కీల్పాక్ అంటే అలాగే కదా. కొట్టు ముందు నలుగురు విన్నారు. పొద్దున బెల్లు కొట్టకముందే గేటు దగ్గర నిలబడి ఉంది, చేతులకి ఇంకా ఇడ్లీ పిండి ఎండి తెల్లగా ఉంది, 'టీచరమ్మా, మావాడికి పిచ్చా' అని అడిగింది. నేను కాదమ్మా కాదమ్మా అంటూ చేతులు పట్టుకున్నా. ఆమె నమ్మింది. వీధి నమ్మలేదు. పిల్లలు వాణ్ణి కీల్పాక్ అనే పిలిచారు. ముందు బెంచీకి మార్చాక కూడా వాడు నోరు విప్పలేదు, ఏడాది చివర్న వేరే స్కూల్లో వేశారు. ఇప్పుడు వాడికి నలభై ఏళ్ళు దాటుంటాయి, ఎక్కడున్నాడో.

అందుకే చెప్తున్నా, ఉత్త సెంటెన్స్ బోర్డు మీద పెట్టకు. ఎవరు, ఎవర్ని, ఎక్కడ అని పిల్లలతోనే చెప్పించు. 'ద బాయ్స్ బిహైండ్ హిమ్ ఆర్ డిస్టర్బింగ్ హిమ్', అంతే, ఆ రోజు నేను రాయాల్సింది ఇదొక్కటే. ఎవడో ఒకడు హోటల్ తలుపుకి 'డు నాట్ డిస్టర్బ్' అనే ఉంటుంది కదా మేడమ్ అంటాడు, కసురుకోకు, మంచి ప్రశ్న. అక్కడ తలుపే చెప్తుంది ఎవర్ని కదిలించకూడదో. లాటిన్‌లో టుర్బా అంటే గుంపు, గలాటా, ఆ మాటలోంచే ఇది వచ్చిందని చెప్పు, బెంగళూరులో గలాటా అంటే ఎవరికైనా ఇట్టే ఎక్కుతుంది.

తర్వాత బాదర్ చెప్పు. కొత్తవాళ్ళకి ఫోన్ చేస్తే 'సారీ టు బాదర్ యూ', చిన్న పనికి అది చాలు. 'హీ డిడ్ నాట్ బాదర్ టు కాల్' అంటే ఫోన్ చెయ్యాలని కూడా అనుకోలేదని, అందులో నిష్ఠూరం ఉంటుంది, గొంతు మార్చి చెప్పి చూపించు. మన బాధకీ దానికీ చుట్టరికం లేదు, పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లండ్ వాళ్ళ రాతల్లో మొదట కనిపించిన మాట, కానీ పిల్లలు బాధ అని గుర్తుపెట్టుకుంటే పెట్టుకోనీ.

నా పాత సెంటెన్సుల నోట్‌బుక్ రేపు కొరియర్ చేస్తున్నా, ఊరగాయ సీసాతో పాటు. డిస్టర్బ్ పేజీలో ఆ పిల్లాడి పేరు రాసుంటుంది, ఎవరికీ చూపించకు.

అత్త