ముందు చెల్లెలింటికి వెళ్లండి, బొంత తర్వాత

‘మాది తిరుపతి. నా వయసు 57. నాకు మొదట్నుంచీ గుడ్డలంటే పిచ్చి. రెండు ట్రంకు పెట్టెలు, బీరువాలో ఒక అర నిండిపోయాయి. తాంబూలాల్లో వచ్చిన జాకెట్ గుడ్డలే 150 దాకా ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు, మదనపల్లె పట్టు ముక్కలు, మా అమ్మ కట్టిన వెంకటగిరి నూలు చీరలు 11 ఉన్నాయి. అమ్మాయికి ఏడో నెల, తొలి కాన్పు. పుట్టబోయే బిడ్డకు బొంత కుడదామని నెల రోజులుగా అన్నీ మంచం మీద పరుస్తున్నా, మళ్లీ మడతపెడుతున్నా. కత్తెర పెట్టబుద్ధి కావడం లేదు. మా ఆయన విసుక్కుంటున్నారు. ఏ గుడ్డలు తీసుకోవాలి, ఏ రంగులు కలపాలి? అమ్మ చీరలు చిత్తూరులో ఉన్న మా చెల్లెలు ఓసారి అడిగింది గానీ, మంచాన పడ్డ అమ్మను ఆరేళ్లు చూసుకున్నది నేనే కాబట్టి ఇవ్వలేదు. బొంత కుట్టడంలో మాత్రం దానిది మంచి చెయ్యి.’

అమ్మా, మీరడిగినదానికి ముందు చెప్పేస్తాను. అదేం పెద్ద పని కాదు.

పసిబిడ్డ బొంతకు చూడాల్సింది రంగు కాదు, గుడ్డ. తాంబూలం జాకెట్ గుడ్డల్లో పాలిస్టర్ కలిసినవే ఎక్కువ ఉంటాయి, అవి చెమట పీల్చవు. అనుమానం ఉన్న ముక్క అంచు నుంచి ఓ దారం లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా ముద్దకడుతుంది. జరీ ఉన్నవి వద్దు, బిడ్డ ఒళ్లు గీసుకుంటుంది. పట్టు రోజూ ఉతుకుడికి ఆగదు. ఇక కలంకారీ. కరక్కాయ, పాలు కలిపి నానబెట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి తీసిన నలుపుతో చేత్తో గీసిన బొమ్మ అది. ఉచ్చగుడ్డలతో పాటు ఉతకడానికి మీకు మనసెలా ఒప్పుతుంది? గోడకు పెట్టుకోండి. కొత్త నూలు ముక్కలైతే రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరాక కత్తిరించండి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. ఎరుపు, మెరూన్ ముక్కల్ని తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే రంగు పోయేదేదో అప్పుడే తెలిసిపోతుంది.

పైన ఇలా ఏరిన ముక్కలు. లోపలికి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీర. చీర ఐదున్నర మీటర్లు. మీటరుకో మడత వేస్తే ఐదు పొరలు. పసిబిడ్డకు అంతకంటే అక్కర్లేదు, అదీ కింద పరచడానికే, మీద కప్పడానికి కాదు. అంటే అమ్మ చీర ఒక్కటి చాలు.

ఒక్కటి చాలినప్పుడు మిగతా పదీ ఎవరి కోసం దాచారు?

మీ ఉత్తరంలో గుడ్డల లెక్కంతా ఉంది. చెల్లెలి గురించి చివర్లో రెండు ముక్కలు. అందులోనూ ఎవరూ అడగని సంజాయిషీ ఒకటి. కత్తెర ఎందుకు ఆడడం లేదో మీకు తెలియదంటే నేను నమ్మను. అమ్మ చీరలు మీ ఒక్కరివీ కావు.

మంచాన పడ్డ మనిషిని ఆరేళ్లు చూసుకోవడం చిన్న మాట కాదు. పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, రాత్రిళ్లు నిద్ర చాలకపోవడం చేసినవాళ్లకే తెలుస్తుంది. కానీ చీరలు దానికి కూలి కాదు కదమ్మా. అమ్మ మంచాన ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావని చెల్లెల్ని మొహం మీదే అడగండి. ఆ హక్కు మీకుంది. అడగాల్సిన మాట లోపలే పెట్టుకుని, బీరువాకు తాళం వేశారు మీరు. ఆమె ఒక్కసారే అడిగింది. మళ్లీ అడగలేదంటే మరిచిపోయిందనుకోకండి. నేనైనా రెండోసారి అడగను.

నా దగ్గరికి ఆస్తి తగాదాలు చాలా వస్తాయి. పొలం కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు కొడుకు పెళ్లి నాటికి కలిసిపోవడం చూశాను. అమ్మ చీర దగ్గర, అమ్మ వాడిన కాఫీ ఫిల్టరు దగ్గర మనసు విరిగినవాళ్లు కలవడం మాత్రం తక్కువే చూశాను. పొలానికైతే ఇంతని ధర కట్టి తేల్చేస్తారు.

ఇంకో మాట. సీమంతానికి మీ చెల్లెలు వచ్చిందా? మీరు రాయలేదు. తొలి కాన్పు మీ ఇంట్లో జరగబోతోంది. పిన్నమ్మ గడప తొక్కకుండా బిడ్డకు నీళ్లు పోయించుకుంటారా? మీ అమ్మాయి ఆ మాట మీతో అనలేక ఊరుకుందేమో, ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మీ ఆయన విసుగు సంగతి వదిలేయండి, మంచం ఖాళీ అయితే ఆయనే సర్దుకుంటారు.

పెద్దవారు మీరు, వెళ్లాల్సింది కూడా మీరే. ఫోన్ చేసి ‘నీకేం కావాలే’ అనొద్దు. వాట్సాప్‌లో ఫోటోలు పంపి ఏరుకోమనొద్దు. పదకొండూ ఓ పాత దుప్పట్లో మూటగట్టి చిత్తూరు బస్సెక్కండి, 70 కిలోమీటర్లు ఎంతసేపు. ముందు ఆమె తీసుకోవాలి. నచ్చినవన్నీ తీసుకోనివ్వండి, పదీ కావాలంటే పదీ ఇచ్చేసి రండి. అన్నిట్లోకీ ఎక్కువ చిరిగిందేదో ఇద్దరూ కలిసి చూడండి, బొంతకు అది. ఆమె రెండు మాటలంటే పడండి, మీరూ రెండు అనండి.

సూది, దారం, కత్తెర కూడా సంచిలో వేసుకెళ్లండి. కుట్టడంలో దానిది మంచి చెయ్యని మీరే రాశారుగా.